యునైటెడ్‌కు తర్వాతి మేనేజర్ ఎవరు? పేరు కంటే ముందు జట్టును చూడండి

ప్రశ్న: మా కాలేజీ స్నేహితులంతా మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులం. జట్టును నడిపే మేనేజర్ మారాల్సి వచ్చిన ప్రతిసారీ మా మధ్య పెద్ద గొడవ. ఒకరు జిదాన్ రావాలంటారు. ఒకరు ఇంగ్లండ్‌లోని చిన్న క్లబ్బు బోర్న్‌మత్‌లో కోచ్‌గా పేరు తెచ్చుకున్న ఇరావోలా అంటారు. ఇంకొకరు క్లబ్బు గురించి తెలిసిన పాత ఆటగాడే కావాలంటారు. ఎవరి వాదనా తేలడం లేదు. చాలా ఏళ్లుగా కోచింగ్‌లో ఉన్నవారు కదా, ఇలాంటి నిర్ణయాన్ని ఎలా బేరీజు వేయాలో చెప్పండి. మీరైతే ఎవరిని తెస్తారు?

జవాబు:

ముందు నా మాట చెప్పేసి తర్వాత కారణాలకు వస్తాను. మీ ముగ్గురి వాదనల్లో నేను ఇరావోలా అన్న స్నేహితుడి పక్కన నిలబడతాను. ఆ పేరే కావాలన్న పట్టుదల నాకు లేదు. అతను చేసిన లాంటి పని చేసి చూపించినవాడు ఎవరొచ్చినా సంతోషమే. జిదాన్ వద్దంటాను. పాత ఆటగాడన్న ఒక్క కారణంతో ఎవరినీ తీసుకోవద్దంటాను.

హైదరాబాద్‌లో కుర్రాళ్ల జట్లకు, కాలేజీ జట్లకు కోచింగ్ ఇస్తున్నాను. యునైటెడ్‌ను 1999 కాంప్ నౌ చాంపియన్స్ లీగ్ ఫైనల్ రోజుల నుంచి చూస్తున్నాను. ఎంత చిన్న జట్టులోనైనా కోచ్ మారితే లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఎవరికి ఏ పని ఇవ్వాలో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. నిన్నటిదాకా ఆడినవాడు బెంచి మీదికి వెళ్తాడు, వాడి ముఖం మాడుతుంది. అభిమానుల చర్చల్లో ఈ విషయం అసలు రాదు. అందరూ వచ్చేవాడి గురించే మాట్లాడతారు. అతను ఏ పాతికమందిని పెట్టుకుని ఆడించాలో ఆ పాతికమంది గురించి ఎవరూ మాట్లాడరు. మీ గొడవ తేలకపోవడానికి కారణం ఇదే అనుకుంటున్నాను.

2013 నుంచి యునైటెడ్‌లో జరిగినదాన్ని వరసగా చూడండి. ఫెర్గూసన్ 26 ఏళ్ల పైచిలుకు ఉండి, 13 లీగ్ టైటిళ్లు గెలిచి తప్పుకున్నారు. ఆయన స్థానంలో ఆయనలాంటి మనిషే కావాలనుకున్నారు. స్కాట్లండ్ వాడు, కష్టజీవి, ఒకే క్లబ్బులో పదకొండేళ్లు నిలిచినవాడు కాబట్టి ఎవర్టన్ నుంచి డేవిడ్ మోయెస్‌ను తెచ్చి ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. పది నెలలు తిరక్కుండానే, 2014 ఏప్రిల్‌లో పంపేశారు. ఆయనకు పెద్ద క్లబ్బు అనుభవం లేకపోవడమే కారణమని అందరూ తేల్చారు. అందుకే పెద్ద రికార్డున్న లూయీ వాన్ గాల్ వచ్చారు. ఆయన ఆట విసుగు పుట్టిస్తోంది, లీగ్ గెలిపించడం లేదన్నారు. 2016లో ఎఫ్ఏ కప్ గెలిచిన రెండు రోజులకే ఆయన్ని తీసేసి, ఎక్కడికెళ్లినా గెలిచే మౌరిన్హోను తెచ్చారు. మౌరిన్హో లీగ్ కప్, యూరోపా లీగ్ గెలిపించారు. 2017-18లో 81 పాయింట్లతో రెండో స్థానం కూడా తెచ్చారు. కానీ డ్రెస్సింగ్ రూమ్ చెడిపోయింది. 2018 డిసెంబరులో ఆయన వెళ్లాక అందరికీ నవ్వుతూ పలకరించే మనిషి కావాలనిపించి సోల్‌షార్ వచ్చాడు. తర్వాత పద్ధతి తెలిసిన మనిషి కావాలని రాంగ్నిక్, క్రమశిక్షణతో పాటు అందమైన ఆట కావాలని టెన్ హాగ్, స్పష్టమైన సిస్టమ్ ఉన్న యువకుడు కావాలని అమోరిమ్. 2026 జనవరికల్లా ఆ అధ్యాయమూ ముగిసింది.

ప్రతిసారీ పోయినవాడిలో లేని గుణాన్ని వెతికి తెచ్చుకున్నారు. జట్టుకు ఏం కావాలన్న ప్రశ్న వెనకబడిపోయింది. ఈ తప్పు బోర్డు ఒక్కటే చేయలేదు, అభిమానులం మనమూ ఇలాగే కోరుకున్నాం. మౌరిన్హో చివరి నెలల్లో ‘ఎవరైనా సరే, మంచి మనిషి రావాలి’ అనుకోని యునైటెడ్ అభిమాని నాకు తెలిసినవాళ్లలో లేడు. ఆ కోరిక అర్థం చేసుకోదగ్గదే. కాకపోతే నిన్నటి బాధకు ఉపశమనం వెతుక్కోవడం, రేపటి జట్టును కట్టడం ఒకే పని కాదు.

దీని ఫలితం ఎలా ఉందో ఒక్క మ్యాచ్‌లో చూపిస్తాను. 2025 మే 21న బిల్బావోలో టాటెన్‌హామ్‌తో యూరోపా లీగ్ ఫైనల్. 1-0తో ఓడాం. ఆ రోజు మొదట బరిలోకి దిగిన పదకొండుమందిని గుర్తుచేసుకోండి. ల్యూక్ షా వాన్ గాల్ వచ్చిన వేసవిలో చేరినవాడు. మగ్వాయర్, బ్రూనో ఫెర్నాండెస్, అమాద్ సోల్‌షార్ కాలంలో వచ్చారు. ఒనానా, యోరో, మజ్రావి, కాసెమిరో, మౌంట్, హాయ్‌లుండ్ టెన్ హాగ్ హయాంలో వచ్చారు. అమోరిమ్ వచ్చాక కొన్నది ఒక్క డోర్గునే. అంటే ఫైనల్ ఆడించిన కోచ్ చేతిలో తన ఆటకోసం కొన్న ఆటగాడు ఒక్కడే ఉన్నాడు. ముగ్గురు మేస్త్రీలు తలా ఒక గోడ కట్టి వదిలేసిన ఇంట్లో నాలుగోవాడు వచ్చి మేడ వేయాలంటే ఎలా ఉంటుందో యునైటెడ్ అలా ఉంది. అలాంటి జట్టుకు వచ్చేవాణ్ని ఎన్ని ట్రోఫీలు గెలిచావని అడిగితే పెద్ద ఉపయోగం లేదు. ఉన్నవాళ్లతో ఏం చేయగలవో అడగాలి.

అమోరిమ్ విషయంలో ఈ ప్రశ్నను ముందే అడగాల్సింది. స్పోర్టింగ్ లిస్బన్‌లో అతను గొప్పగా పనిచేశాడు, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే అతని ఆట 3-4-3: వెనక మధ్యలో ముగ్గురు డిఫెండర్లు (సెంటర్ బ్యాక్‌లు), రెండు పక్కలా పైకీ కిందికీ పరుగెత్తే వింగ్ బ్యాక్‌లు. యునైటెడ్ అప్పటిదాకా వెనక నలుగురితో ఆడే జట్టు. 2024 వేసవిలోనే టెన్ హాగ్ కాంట్రాక్ట్ పెంచారు. అయాక్స్‌లో అతని దగ్గర ఆడిన డి లిఖ్ట్, మజ్రావిలను కొన్నారు. మూడు నెలలు తిరిగేసరికి, అక్టోబర్ 28న అతన్ని తీసేసి, పూర్తిగా వేరే నిర్మాణం ఉన్న కోచ్‌ను సీజన్ మధ్యలో తెచ్చారు. సీజన్‌కు ముందు జరిగే శిక్షణ (ప్రీ-సీజన్) లేదు. ఆటగాళ్లను కొనే ట్రాన్స్‌ఫర్ విండో తెరిచి లేదు. శిక్షణకు ఖాళీ రోజులూ లేవు. డాలోత్, అమాద్ లాంటివాళ్లు వింగ్ బ్యాక్‌లుగా మారాల్సి వచ్చింది. ఆ సీజన్ 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగిసింది. ఇందులో అమోరిమ్ మొండితనం పాత్ర ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. అతన్ని ఎంచుకున్నవాళ్లు ఆ మొండితనం గురించి తెలిసే ఎంచుకున్నారు. తన పద్ధతి మార్చుకోనని అతను ఎప్పుడూ దాచలేదు.

డబ్బు సంగతి కూడా చూడండి. టెన్ హాగ్ బృందాన్ని పంపడానికి, కొన్ని నెలలే ఉన్న స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్‌ను సాగనంపడానికి కలిపి 1.45 కోట్ల పౌండ్లు ఖర్చయినట్టు క్లబ్ లెక్కల్లో ఉంది. అదే సమయంలో ఖర్చు తగ్గించాలంటూ మామూలు ఉద్యోగులను తొలగించారు. తప్పుడు ఎంపిక భారం పట్టికలో స్థానంతో ఆగదు. స్టేడియంలో ఏళ్ల తరబడి పనిచేసిన మనుషుల జీతాల దాకా వెళ్తుంది. అందుకే ఈ చర్చను సరదా చర్చగా తీసుకోలేను.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే ఉదాహరణ లివర్‌పూల్. యునైటెడ్ అభిమానికి ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. 2024 జనవరి 26న క్లోప్ వెళ్తున్నానని ప్రకటించాడు. అభిమానులు దాదాపు ఒకే గొంతుతో షాబీ అలొన్సో అన్నారు. పాత ఆటగాడు, లెవర్కూసెన్‌ను ఓటమి లేకుండా జర్మన్ లీగ్ విజేతగా నిలపబోతున్నవాడు. మార్చి చివర్లో అలొన్సో తాను లెవర్కూసెన్‌లోనే ఉంటానన్నాడు. తర్వాత అమోరిమ్ పేరు గట్టిగా వినిపించింది. చివరికి ఫెయెనూర్డ్ నుంచి ఆర్నె స్లాట్ వచ్చాడు. చాలామందికి నిరాశ కలిగింది. అతని ఆట క్లోప్ వదిలివెళ్లిన జట్టుకు దగ్గరగా ఉంది: వెనక నలుగురు, పైనే ప్రత్యర్థి మీదికెళ్లి బంతి లాక్కునే ప్రెసింగ్, బంతి మీద ఇంకాస్త నిదానం. ఆ వేసవిలో మొదటి జట్టులోకి కొత్తగా వచ్చింది కియేజా ఒక్కడే. కావాలనుకున్న సుబిమెండి రానంటే, ఉన్న గ్రావెన్‌బెర్క్‌నే మిడ్‌ఫీల్డ్ అడుగున నిలబెట్టారు. 2025 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి, నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే లీగ్ గెలిచారు.

ఆ తర్వాతి సీజన్ సంగతీ చెప్పకపోతే సగమే చెప్పినట్టవుతుంది. 2025 వేసవిలో వీర్ట్స్, ఇసాక్, ఎకిటికే లాంటివాళ్లకు భారీగా ఖర్చుపెట్టి జట్టును మార్చేశారు. అదే స్లాట్ చేతిలో అదే క్లబ్ శరదృతువులో వరసగా ఓడింది. జులైలో డియోగో జోటా రోడ్డు ప్రమాదంలో చనిపోయిన బాధ కూడా ఆ జట్టు మోసింది. దాన్ని పక్కనపెట్టి పాయింట్లు మాత్రమే లెక్కపెట్టడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఏమిటంటే, మొదటి ఏడాది అతను గొప్ప కోచ్, రెండో ఏడాది పనికిరానివాడు అయిపోలేదు. జట్టుకూ కోచ్‌కూ మధ్య కుదిరిన పొందిక కదిలింది.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ కావాలంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ ఉన్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన మనిషి, 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన కోచ్. 1962లో జకార్తాలో ఆయన ప్రధాన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. ఆ గాయంతో వెనక ఆడించడం ప్రమాదమని రహీమ్ సాబ్ అతన్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. లీగ్ దశలో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియాపైనే ఫైనల్లో 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది. కోచింగ్ అంటే ఏమిటని ఎవరైనా కుర్రాడు అడిగితే నేను ఈ మ్యాచ్ గురించే చెప్తాను. తన మనసులో ఉన్న ఆట కంటే తన ముందున్న మనుషులను ఎక్కువగా చూసిన కోచ్ ఆయన.

ఇక మీ చర్చల్లో తప్పకుండా వచ్చే కొన్ని వాదనలు చూద్దాం.

ఓపిక వాదన అందులో మొదటిది. ‘ఫెర్గూసన్‌కు కూడా టైమ్ ఇచ్చారు కదా’ అంటారు. నిజమే. 1986 నవంబరులో వచ్చిన ఆయనకు మొదటి ట్రోఫీ 1990 ఎఫ్ఏ కప్. 1989 డిసెంబరులో మన మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆయన్ని పొమ్మంటూ బ్యానర్ కూడా కట్టారు. అయితే ఆ మూడేళ్లలో బోర్డు కళ్లు మూసుకుని ఎదురుచూడలేదు. ఫెర్గూసన్ యువ ఆటగాళ్లను వెతికే వ్యవస్థను కొత్తగా కట్టారు, జట్టులో తాగుడు అలవాటును పట్టుకుని కడిగేశారు, 1987-88లో లీగ్‌లో రెండో స్థానం తెచ్చారు. ట్రోఫీ లేకపోయినా కింద పునాది పడుతున్న గుర్తులు కనిపించాయి. ఓపిక పట్టాలంటే అలాంటి గుర్తులేవో చూపించగలగాలి. ఆర్సెనల్‌లో ఆర్టెటాకు రెండుసార్లు ఎనిమిదో స్థానం వచ్చింది, 2021-22 మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లూ ఓడాడు. అయినా జట్టు వయసు తగ్గుతోంది, సాకా లాంటి కుర్రాళ్లు ఎదుగుతున్నారు, ఏ ఆట ఆడాలనుకుంటున్నారో కనిపిస్తోంది. అక్కడ ఓపికకు ఆధారం ఉంది.

రెండోది తాత్కాలిక మేనేజర్ వరస గెలుపుల వాదన. దీని వల్ల మనకు జరిగిన నష్టం పెద్దది. సోల్‌షార్ కేర్‌టేకర్‌గా 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచాడు. ప్యారిస్‌లో అక్కడి క్లబ్ పీఎస్‌జీని 3-1తో ఓడించిన రాత్రి నేనూ నిద్రపోలేదు. ఆ ఆనందంలోనే 2019 మార్చి 28న మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చేశారు. ఆ సీజన్‌లో మిగిలిన పది మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. సీజన్ అయ్యేదాకా ఆగినా ఎవరికీ ఏ నష్టమూ లేదు, అతన్ని ఎత్తుకుపోవడానికి వేరే క్లబ్బేదీ గుమ్మంలో నిలబడి లేదు. కఠినమైన కోచ్ పోయాక ఆటగాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, కాళ్లు తేలికవుతాయి, కొన్ని వారాలు బాగా ఆడతారు. కుర్రాళ్ల జట్లలో కూడా ఇది చూస్తాం. ఆ తేలికదనం తగ్గాక ఏం మిగులుతుందన్నదే చూడాలి. సోల్‌షార్ చెడ్డ కోచ్ అని నేననను. 2020-21లో రెండో స్థానం తెచ్చాడు, బ్రూనోను తెచ్చింది అతని కాలంలోనే. క్లబ్బు మీద అతని ప్రేమ నిజం. ఆ ప్రేమ వల్ల వాట్‌ఫర్డ్‌లో అతని పదవి పోగొట్టిన 4-1 ఓటమి ఆగలేదు.

మీ పాత ఆటగాడి వాదనకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. క్లబ్బు తెలిసి ఉండటం మంచిదే, అది అదనపు అర్హత. అసలు అర్హత మాత్రం బయట ఎక్కడో ఒక జట్టును చేతిలోకి తీసుకుని, ఏళ్ల తరబడి మెరుగుపరిచి చూపించడం. అది ఉన్న పాత ఆటగాడు దొరికితే ఇద్దరం కలిసి చప్పట్లు కొడదాం.

జిదాన్ గురించి. రియల్ మాడ్రిడ్‌తో 2016, 2017, 2018లో వరసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు గెలిచిన మనిషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రొనాల్డో, రామోస్, మోద్రిచ్ లాంటివాళ్లున్న గదిలో అందరినీ ఒప్పించి, అలసిపోకుండా చూసి, పెద్ద రాత్రికి సిద్ధం చేయడం చాలా అరుదైన విద్య. కానీ అది సిద్ధంగా ఉన్న జట్టును గెలిపించే విద్య. యునైటెడ్ దగ్గర అలాంటి జట్టు లేదు. సగటు ఆటగాడిని మంచి ఆటగాడిగా మార్చడం, ఉన్న లోటును పద్ధతితో పూడ్చడం ఆయన సీనియర్ జట్టు కోచ్‌గా ఎక్కడా చేయాల్సి రాలేదు, ఎందుకంటే ఆ స్థాయిలో ఆయన రియల్ మాడ్రిడ్ తప్ప వేరే క్లబ్బును నడపలేదు.

పేరు గొప్పతనానికీ పనికీ ఉన్న తేడాకు ఆస్టన్ విల్లాను చూడండి. ఆటగాడిగా స్టీవెన్ జెరార్డ్ ఎంత పెద్ద పేరు! 2022 అక్టోబరులో అతన్ని తీసేసేనాటికి విల్లా పట్టికలో కింద ఉంది. ఉనాయ్ ఎమెరీ వచ్చి దాదాపు ఆ ఆటగాళ్లతోనే ఆ సీజన్‌ను ఏడో స్థానంలో ముగించాడు, తర్వాతి ఏడాది నాలుగో స్థానంతో చాంపియన్స్ లీగ్‌కు తీసుకెళ్లాడు. ఇదే ఎమెరీని ఆర్సెనల్ 2019లో పంపేసింది, అతని ఇంగ్లిష్‌ను వెక్కిరించినవాళ్లు కూడా ఉన్నారు. అదే ఎమెరీ విల్లారియల్‌తో 2021 యూరోపా లీగ్ ఫైనల్లో మనల్నే ఓడించాడు.

ఇప్పుడు ఇరావోలా. 2023 వేసవిలో బోర్న్‌మత్ గారీ ఓనీల్‌ను తీసేసినప్పుడు చాలామంది మండిపడ్డారు. జట్టును కింది డివిజన్‌కు పోకుండా కాపాడిన మనిషిని అలా తీసేస్తారా అని. వచ్చిన ఇరావోలా మొదటి తొమ్మిది లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. ఆ వారాల్లో వాళ్ల మ్యాచ్‌లు చూసినవాళ్లకు ఒక విషయం కనిపించింది: ఓడుతున్నా జట్టు ముందుకొచ్చి ప్రెస్ చేయడం మానలేదు, రోజురోజుకూ అందులో పదును పెరుగుతోంది. ఆ సీజన్ 48 పాయింట్లతో ముగిసింది, ప్రీమియర్ లీగ్‌లో అప్పటికి వాళ్లకు అదే రికార్డు. ప్రధాన స్ట్రైకర్ సొలాంకీని అమ్మేశారు. తర్వాతి సీజన్ 56 పాయింట్లు, తొమ్మిదో స్థానం. 2025 వేసవిలో డిఫెన్స్‌లో ముగ్గురిని అమ్మేశారు: హౌసెన్ రియల్ మాడ్రిడ్‌కు, కెర్కెజ్ లివర్‌పూల్‌కు, జబార్నీ పీఎస్‌జీకి. అయినా తర్వాతి సీజన్ మొదటి నెలల్లో పై వరసల్లోనే నిలిచారు. శీతాకాలంలో గెలుపు లేని వరస కూడా వచ్చింది, అది దాచాల్సిన పని లేదు. నేను చూసేది ఏమిటంటే, మనుషులు మారినా ఆట మారలేదు. అతని చేతిలో పడ్డ ఆటగాడి విలువ పెరిగింది. ట్రోఫీల పట్టిక కంటే ఈ రెండు విషయాలు నాకు ఎక్కువ చెప్తాయి.

‘ఇది మళ్లీ మోయెస్‌ను తేవడమే కదా, మధ్యస్థాయి క్లబ్బు నుంచి’ అని మీవాళ్లు అంటారు. చాలా గట్టి అభ్యంతరం ఇది. మోయెస్‌కు దక్కింది అప్పుడే లీగ్ గెలిచిన జట్టు. ఆయన వస్తూనే మైక్ ఫీలన్, రెనె మ్యులెన్‌స్టీన్ లాంటి గెలిచిన కోచింగ్ సిబ్బందిని పంపేసి తనవాళ్లను తెచ్చుకున్నారు. అదే వేసవిలో ముఖ్య కార్యనిర్వాహకుడు డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోయారు. క్లబ్బును నడిపే రెండు తలకాయలూ ఒకేసారి పోయాయి. ఇప్పటి యునైటెడ్‌లో కాపాడుకోవాల్సిన గెలుపు అలవాటంటూ ఏదీ మిగల్లేదు, కట్టాల్సిందే ఎక్కువ. కట్టడం తెలిసినవాడికి ఇది సరైన చోటు. అయితే ఇరావోలా విషయంలో నాకూ ఒక భయం ఉంది. పరుగులు తీయించే అతని ఆటను, వారంలో రెండు మ్యాచ్‌లు, అందులో ఒకటి యూరప్‌లో ఉన్నప్పుడు సీజన్ అంతా నిలబెట్టగలడా? సైప్రస్‌లో ఏఈకే లార్నాకాతో యూరోపా లీగ్ గ్రూప్ దశ ఆడించిన అనుభవం ఉంది గానీ, అది ఈ బరువుకు సరిపోయేది కాదు.

మేనేజర్ ఒక్కడితో అంతా మారదన్న విషయానికి మన ఊరి అనుభవమే చాలు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో పట్టికలో అట్టడుగున ముగిసింది. రావాల్సిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనా సిబ్బందిలోకి వెళ్లిపోవడంతో 2020లో మనోలో మార్కెజ్ వచ్చాడు. ఇక్కడ ఆయన పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. మన దేశపు కుర్రాళ్లకు ధైర్యంగా అవకాశాలిచ్చాడు. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ట్రోఫీ తెచ్చాడు. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన పెనాల్టీలు ఇక్కడి అభిమానులు ఎప్పటికీ మరిచిపోరు. 2023లో మార్కెజ్ వెళ్లాడు. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోనివ్వని బదిలీ నిషేధాలు మీద పడ్డాయి. తర్వాతి సీజన్ మళ్లీ అట్టడుగే. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. మంచి కోచ్ దొరికినంత మాత్రాన సరిపోదు, అతని వెనక ఆఫీసు కూడా నిలబడాలి. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసే ప్రతి ఒక్కరికీ ఈ బాధ తెలుసు.

యునైటెడ్‌లో ఆ ఆఫీసు చాలా ఏళ్లు సరిగ్గా లేదు. 2021 దాకా ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవే లేదు. క్లబ్బులో వాటా కొన్న ఇనియోస్ సంస్థ వచ్చాక పదవులు వచ్చాయి, అమోరిమ్‌ను మేనేజర్‌గా కాకుండా ఆటను మాత్రమే చూసుకునే హెడ్ కోచ్‌గా తీసుకున్నారు. ఆటగాళ్ల కొనుగోలు పైవాళ్ల చేతిలో ఉంటే, వాళ్లు ఏ ఆటకోసం కొంటున్నారో ముందు తేల్చుకుని, ఆ ఆట ఆడించే కోచ్‌ను వెతకాలి. బ్రైటన్ ఈ పని శ్రద్ధగా చేస్తుంది. 2022లో గ్రాహమ్ పాటర్ చెల్సీకి వెళ్తే డి జెర్బీని తెచ్చి, ఆ సీజన్ ఆరో స్థానంలో ముగించింది.

మీరు ఎవరి పేరునైనా సమర్థించే ముందు ఆ కోచ్ జట్టు ఓడిన మ్యాచ్‌లు రెండు మూడు పూర్తిగా చూడండి, హైలైట్స్ కాదు. గోల్ పడ్డాక ఆకారం చెదిరిందా, నిలబడిందా? 70వ నిమిషంలో ఎవరిని దింపాడు, ఎందుకు దింపాడు? ముఖ్యమైన ఆటగాడు గాయపడ్డ నెలలో ఏం చేశాడు? అతని రెండో సీజన్ మొదటిదానికంటే మెరుగ్గా ఉందా? ఇవన్నీ ఎవరైనా చూసి తేల్చుకోగలిగేవే, కోచింగ్ లైసెన్స్ అక్కర్లేదు.

జిదాన్ అన్న స్నేహితుడినీ, పాత ఆటగాడన్న స్నేహితుడినీ నా తరఫున ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లు కోరుకునే మనిషి వస్తే వెనక ముగ్గురితో ఆడతామా, నలుగురితోనా? నలుగురైతే బ్రూనోను ఎక్కడ ఆడిస్తాడు, మిడ్‌ఫీల్డ్‌లో అతని చుట్టూ పరుగెత్తే ఇద్దరు ఎవరు, వాళ్లు మన దగ్గర ఉన్నారా, కొనాలా? దీనికి పేర్లతో సహా జవాబు చెప్పగలిగితే రాయండి. అప్పుడు జిదాన్ గురించి కూడా నేను మళ్లీ ఆలోచిస్తాను.